అందరి రీడింగూ తొమ్మిది పాయింట్ ఎనిమిదే

ఆ ఏడాది వానలు మొదలయ్యే వేళకు నా ముఖం నారాయణగూడ ఫ్లైఓవర్ కింద వేలాడుతూ ఉంది. ముఖం మాత్రమే నాది. మెడ కింద ఉన్న నల్ల కోటు, తెల్ల చొక్కా, ఎర్ర టై ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక నేను కోటు తొడిగింది లేదు. ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపు కంప్యూటర్లో తల లేని కోటు ఒకటి ఉంటుందట. ఆ సీజన్‌లో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ల తల తెచ్చి దాని మీద పెడతారు. నా పక్కన బీకాంలో ఫస్టొచ్చిన అబ్బాయి తల కూడా అదే కోటు మీద ఉంది. ఇద్దరి జేబుల్లోనూ అదే పెన్ను, అదే పక్కకు వంగి.

నా తల పక్కన పసుపు అక్షరాల్లో "కాలేజీ టాపర్, బీఎస్సీ ఫస్టియర్" అని రాశారు. దాని కింద మెరుపులు చిమ్మే ఎర్ర గుండ్రంలో "ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు" అని ఉంది. ఆ ఎర్ర గుండ్రం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అటు పోవాల్సి వస్తే చున్నీ ముఖానికి చుట్టుకుని పోయేదాన్ని. దుమ్ముకు అందరు ఆడపిల్లలూ చుట్టుకుంటారు కాబట్టి ఎవరూ గుర్తుపట్టేవారు కాదు.

అమ్మకు మాత్రం ఆ ఫ్లెక్సీ పండగ. మా ఇల్లు చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్‌కు నాలుగడుగుల దూరంలో. ఆ నెలంతా అమ్మ అక్కడ బెండకాయ బాగాలేదని, టమాటా మెత్తగా ఉందని వంకలు పెట్టి నారాయణగూడ మార్కెట్‌కు పోయింది. సంచీ కింద పెట్టి, ఫ్లైఓవర్ కింద కాసేపు నిలబడి, తలెత్తి చూసి వచ్చేది. "కోటు నీకు మంచిగున్నదే" అంది ఒకరోజు. అది నాది కాదమ్మా అంటే, "ఎవరిదైతే ఏంది, మంచిగైతే ఉన్నది గదా" అంది.

మా కాలేజీ నారాయణగూడలోనే ఒక సందులో ఉండేది. కింద చెప్పుల షాపు, దాని పక్కన టిఫిన్ సెంటర్, పైన మూడంతస్తుల్లో మేము. మూడో అంతస్తు చివర ఒక తలుపు, దాని మీద "కెమిస్ట్రీ ల్యాబ్" అని బోర్డు, బోర్డు కింద తాళం. ఆ తాళం ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడే తీస్తారని సీనియర్లు చెప్పారు. నేనున్న ఏడాదిలో ఇన్‌స్పెక్షన్ రాలేదు. కాబట్టి కెమిస్ట్రీ చదివే నేను కెమిస్ట్రీ ల్యాబ్‌ను తలుపు అవతలి నుంచే చదివాను.

మరి ప్రాక్టికల్స్ మార్కులు ఎట్లా వస్తాయంటే, రికార్డు వల్ల వస్తాయి. రికార్డంటే ప్రయోగం చేసి, దాని కొలతలు రాసి, సార్‌తో సంతకం పెట్టించుకునే పుస్తకం. మేము ప్రయోగం ఒక్కటే తీసేసి మిగతావన్నీ శ్రద్ధగా చేసేవాళ్లం. సీనియర్ రికార్డు తెచ్చుకోవడం, స్కేలు పెట్టి గీతలు కొట్టడం, బ్యూరెట్ బొమ్మ పెన్సిల్‌తో చక్కగా వేయడం. బ్యూరెట్ అంటే పొడుగ్గా, గీతలతో, కింద చిన్న కుళాయితో ఉండే గాజు గొట్టం. అందులోంచి ఒక ద్రవాన్ని చుక్కచుక్కగా వదులుతూ, కింద ఫ్లాస్కులో రంగు మారగానే ఆపి, ఎంత దిగిందో చూసి రాయాలి. దాన్నే రీడింగ్ అంటారు. నమ్మకం కోసం మూడుసార్లు చేయాలి. మా క్లాసులో ఎవరి రికార్డు తెరిచినా ఆ ప్రయోగం దగ్గర మూడు రీడింగులూ తొమ్మిది పాయింట్ ఎనిమిదే. మా సీనియర్లదీ అంతే. వాళ్ల సీనియర్లదీ అంతే. ఆ కాలేజీలో ఏనాడో ఎవరో ఒక పుణ్యాత్ముడు నిజంగా బ్యూరెట్ పట్టుకుంటే అతనికి తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చి ఉంటుంది. ఆ తర్వాత ఎవరికీ ఇంకో అంకె రాలేదు. పరీక్షనాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆఫీసు గదిలో బిర్యానీ తిని, మార్కుల మీద సంతకం పెట్టి వెళ్లాడు.

ఒకసారి మా కెమిస్ట్రీ సార్‌ను అడిగాను. ఆయన పొద్దున మా దగ్గర, మధ్యాహ్నం బర్కత్‌పురలో ఇంకో కాలేజీలో చెప్పేవాడు. ఎప్పుడూ హెల్మెట్ చేతిలోనే ఉండేది.

"సార్, ల్యాబ్‌కు ఎప్పుడు పోదాం?"

"ముందు సిలబస్ కానియ్యమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆయన మీద నాకు కోపం రాలేదు. తాళంచెవి ఆయన దగ్గర లేదని తెలుసు.

కెమిస్ట్రీ అంటే నాకు పిచ్చి. ఆ మాట సూటిగానే చెప్తాను, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. చిన్నప్పుడు అమ్మ పసుపు మరక పడ్డ చీరను సబ్బు పెట్టి రుద్దితే మరక ఎర్రబడింది. అమ్మ సబ్బును తిట్టింది. నేను ఆ ఎరుపును చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత ఇంట్లో దేనికి పసుపు తగిలిస్తే ఎర్రబడుతుందో, దేనికి బడదో అన్నీ చూసి తన్నులు తిన్నాను. సున్నానికి బడుతుంది, నిమ్మకాయకు బడదు. ఎందుకో ఇంటర్‌లో తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం నూటికి నూరు చూసినప్పుడు కలగలేదు.

అందుకే ఆ నోటీసు చూడగానే నాకు కాలు నిలవలేదు. నగరానికి ఆ చివర ఉన్న యూనివర్సిటీలో, ఫస్టియర్ తర్వాత కొందరు మానేస్తే ఖాళీ అయిన సెకండియర్ సీట్లకు పరీక్ష పెడుతున్నారు. బయటి కాలేజీల వాళ్లు రాయొచ్చు. రాత పరీక్ష ఒకటి, దాని తర్వాత ల్యాబ్ పరీక్ష ఒకటి. ఉండేది చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సీట్లు. రాసేవాళ్లు హాలు నిండా ఉంటారు.

ఇంట్లో చెప్పాను. నాన్న కోఠిలో కాగితాల హోల్‌సేల్ షాపులో మేనేజరు. పరుషంగా మాట్లాడడు, నిదానంగా మాట్లాడి మనల్నే అయోమయంలో పడేస్తాడు.

"ఈడ ఫస్టున్నవ్. పేరున్నది, ఫోటో పెట్టిన్రు. ఆడికి పోతే అందరిల ఒక్కదానివైతవ్. ఎందుకు బిడ్డా, ఉన్నది ఇడిసిపెట్టుడు?"

"ఈడ ఫస్ట్ రానీకి నేనేం చేసిన నాన్నా? రికార్డుల గీతలు మంచిగ గొట్టిన."

"గీతలన్న మంచిగ కొట్టినవ్ గదా" అన్నాడు నాన్న. ఆయనకు అది జోకు కాదు.

అప్పుడే మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు. అశోక్‌నగర్‌లో ఆయనకొక స్టడీ హాల్ ఉంది. పేరు విని పుస్తకాలుండే చోటనుకోవద్దు, అది కుర్చీలుండే చోటు. ఊళ్ల నుంచి గ్రూప్స్ పరీక్షలకు తయారవడానికి వచ్చినవాళ్లు హాస్టల్ గదుల్లో చదవలేక అక్కడ ఒక కుర్చీ, ఒక బల్ల ముక్క, ఒక ప్లగ్ పాయింట్ కిరాయికి తీసుకుంటారు. మామ నాకోసం కిటికీ పక్క కుర్చీ ఒకటి ఎవరికీ ఇవ్వకుండా ఉంచాడు. మా వంశంలో మొదటి గెజిటెడ్ ఆఫీసరు ఆ కుర్చీలోంచే లేస్తుందని ఆయన నమ్మకం.

"డిగ్రీ ఏడ జేస్తే ఏందే? నోటిఫికేషన్ పడ్డనాడు డిగ్రీ ఉన్నదా లేదా అని అడుగుతరు గని, ఏడ జేసినవ్, ల్యాబ్‌ల ఏం జేసినవ్ అని అడుగుతరా?"

"అడగరు మామా. నేను అడుగుతున్న."

మామ అమ్మ వైపు చూశాడు. అమ్మ టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "దాని మొండి అంత వాళ్ల నాన్న పోలికే" అంది. నాన్న మొండి అని అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆయన ఆశ్చర్యపడుతుండగానే నేను పరీక్షకు డబ్బు కట్టేశాను.

రాత పరీక్ష బాగా రాశాను. పుస్తకాలు నమిలి మింగిన దాన్ని, రాయనా? అసలు భయమంతా రెండో రోజు. యూనివర్సిటీ ల్యాబ్‌లో అడుగు పెడుతూనే ముక్కుకు ఘాటుగా ఏదో తగిలింది. వాడే ల్యాబ్‌కు వాసన ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. పొడుగాటి నల్ల బల్లలు, వాటి మీద మరకలు, ఒక్కొక్కరి ముందు ఒక్కో స్టాండు. పరీక్ష పెట్టే మేడం కొంగు నడుముకు దోపుకుని, కళ్లజోడు మీదుగా చూస్తూ "మొదలుపెట్టండి" అంది.

అందరూ మొదలుపెట్టారు. నేను వెయ్యిసార్లు బొమ్మ వేసిన గొట్టాన్ని మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. ఇంత బరువుంటుందని బొమ్మలో తెలియదు. స్టాండుకు బిగించాను. గరాటు పెట్టి పైనుంచి పోశాను. పోసినదంతా కింది నుంచి బల్ల మీదికి, బల్ల మీది నుంచి నా చెప్పుల మీదికి వచ్చేసింది. కుళాయి కట్టాలని ఏ రికార్డులోనూ రాసి లేదు. పక్కనున్న అబ్బాయి నవ్వు ఆపుకుంటున్నాడు.

అప్పుడు రెండు దారులు కనిపించాయి. తుడిచేసి, ఏదో చేస్తున్నట్టు నటించి, కాగితం మీద మూడుసార్లు తొమ్మిది పాయింట్ ఎనిమిది రాసి రావడం ఒకటి. ఏడాదంతా చేసిన పనే, కొత్తేమీ కాదు. కానీ చెప్పు తడిసి కాలికి అంటుకుంటుంటే నాకు ఏడుపు రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. చెయ్యెత్తాను.

మేడం వచ్చింది.

"మేడం, నేను దీన్ని ఎప్పుడూ పట్టుకోలేదు."

ఆవిడ నా మెమో తిరగేసింది. "ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు ఉంది కదమ్మా?"

"ఉంది మేడం. అవి ఎట్లొస్తయో మీకు గూడ ఎరికే ఉంటది."

చుట్టుపక్కల చేతులు ఆగిపోయాయి. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగానే వచ్చినట్టుంది. ఇక వెనక్కి పోయే వీలు లేదు కాబట్టి ముందుకే పోయాను.

"ఒక్కసారి చూపియ్యుండ్రి. రెండోసారి నేను చేస్త. రాకపోతే పంపియ్యుండ్రి, ఏమనుకోను."

మేడం కాసేపు నా తడిసిన చెప్పుల వైపు చూసింది. తర్వాత గాజులు పైకి జరుపుకుని, కుళాయి కట్టి, గొట్టం నింపింది. ఎడమ చెయ్యి వెనక నుంచి చుట్టి కుళాయి మీద పెట్టాలి. కుడి చేత్తో ఫ్లాస్కును ఆపకుండా తిప్పుతూ ఉండాలి. రంగు వచ్చి పోతూ ఉంటే తొందరపడొద్దు. వచ్చి పోకుండా నిలబడగానే ఆపాలి. ఒకసారి చేసి చూపించి, తన రీడింగ్ నాకు కనబడకుండా గొట్టం ఖాళీ చేసి వెళ్లిపోయింది.

మొదటిసారి దాటిపోయి ఫ్లాస్కు ముదురు గులాబీ రంగుకు తిరిగింది. రెండోసారి ఆగాల్సిన చోట ఆగాను. లేత గులాబీ, ఉందా లేదా అన్నంత లేతగా. మూడోసారీ ఆగాను. మూడు అంకెలూ మూడు రకాలు. ఉన్నవి ఉన్నట్టు రాశాను. కాగితం ఇస్తుంటే మేడం, "చివరి రెండూ దగ్గరగా ఉన్నాయి, మొదటిది చాలా దూరంగా ఉంది. తీసేయాలనిపించలేదా?" అని అడిగింది.

"వచ్చింది మేడం. వచ్చిందే రాసిన."

ఆవిడ కాగితాన్ని మిగతావాటి అడుగున పెట్టింది. అది మంచి గుర్తో చెడ్డ గుర్తో బస్సులో ఇంటిదాకా ఆలోచించినా తేలలేదు.

సీటొచ్చింది. చివరి సీటు నాదే. నాన్న అందరిలో ఒక్కదానివన్నాడు, నేను అందరిలో చివరిదాన్నే. ఆ చివరి స్థానం చూసుకుని నేను పొంగిపోయినట్టు ఫ్లెక్సీ చూసుకుని ఎప్పుడూ పొంగిపోలేదు. ఇక మిగిలింది ఒకటే. నెలాఖరులోగా పాత కాలేజీ నుంచి టీసీ, పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇవ్వాలి. లేకపోతే సీటు నా వెనకవాళ్లకు పోతుంది.

మా వైపు ప్రైవేటు కాలేజీలో చేరేటప్పుడు ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో పెట్టేసుకుంటారు. అడిగితే జాగ్రత్త కోసం అంటారు. ఎవరి జాగ్రత్తో చేరిన రోజు అర్థం కాదు, వెళ్లిపోతానన్న రోజు అర్థమవుతుంది.

కరస్పాండెంట్ సార్, అంటే కాలేజీ యజమాని, విషయం వినగానే కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏందమ్మా, ఫ్లెక్సీ ఇంక దించనే లేదు, టాపరే పోతనంటే జనం ఏమనుకుంటరు? అడ్మిషన్ల టైమిది. ఈ సీజన్ అయిపోనియ్యి, చూద్దాం."

"సీజన్ అయిపోయేసరికి నా సీటు పోతది సార్."

"పోతే పోనియ్యి. నువ్వు ఈడ గోల్డ్ మెడల్."

మరుసటి రోజు వెళ్తే సార్ మీటింగ్‌లో ఉన్నాడన్నారు. ఆ తర్వాతి రోజు బీరువా తాళం ఉన్న క్లర్కు సెలవన్నారు. ఆ తర్వాత సంతకం పెట్టే ప్రిన్సిపాల్‌కు జ్వరమన్నారు. ప్రిన్సిపాల్ గారు నా కళ్లముందే మెట్లెక్కి పోయారు. నాన్న ఒకరోజు షాపుకు సెలవు పెట్టి వచ్చి, దండం పెట్టి మాట్లాడాడు. ఆయనకు టీ ఇచ్చి, మీ అమ్మాయి మా కాలేజీ ఆణిముత్యం అని చెప్పి పంపేశారు. మెట్లు దిగుతూ నాన్న, "నాకే గిట్ల అబద్ధం చెప్తరా?" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. అమ్మ చెప్పిన మొండి పోలిక అప్పుడు కనబడింది. "రేపటిసంది రోజు పోయి కూసో" అన్నాడు.

కూర్చున్నాను. ఆఫీసు ముందు అడ్మిషన్ల కోసం వచ్చేవాళ్లకు ఒక బెంచీ ఉంటుంది. దానికి పైన గోడ మీద నా ఫోటో, కోటుతో సహా. దాని కింద నేను, టిఫిన్ బాక్సుతో. ఎవరినీ ఒక్క మాట అనలేదు. పుస్తకం చదువుకుంటూ కూర్చున్నానంతే.

మొదటి రోజే ఒక తండ్రి గోడ మీదికీ నా వైపుకూ మార్చి మార్చి చూసి, "నువ్వే గదమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పక్కన ఉన్న కూతుర్ని ముందుకు తోసి, "అక్కను అడుగు, ఏమన్న అడిగేదుంటే" అన్నాడు.

ఆ పిల్ల మెల్లగా అడిగింది. "ల్యాబ్ ఎట్లుంటదక్కా?"

"నాకు ఎరిక లేదు. ఏడాది చదివిన గని ఎన్నడు లోపలికి పోలే."

ఆ తండ్రి మళ్లీ గోడ వైపు, ఎర్ర గుండ్రం వైపు చూశాడు. లేచి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ రోజంతా అంతే. నేను ఒక్క అబద్ధం చెప్పలేదు, అడగంది ఒక్కటీ చెప్పలేదు. అడిగినవాళ్లకు మాత్రం అడిగినంతా చెప్పాను. క్లర్కు రెండుసార్లు బయటికొచ్చి, "లోపల ఏసీల కూసోరాదమ్మా" అని బతిమాలాడు. నాకు ఏసీ పడదన్నాను.

నాకు అసలు దెబ్బ తగిలింది ఆ బెంచీ మీదే. ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికే చేరిపోయిందట, ఐడీ కార్డు కోసం వచ్చింది. సిద్దిపేట దగ్గర ఊరు, అశోక్‌నగర్‌లో హాస్టల్. వాళ్లింట్లో చదువుకుంటున్న మొదటి ఆడపిల్ల.

"అక్కా, నీ ఫ్లెక్సీ చూసే చేరిన" అంది నవ్వుతూ. "ఇంకో కాలేజీల గూడ సీటొచ్చింది. మా అన్న ఏదన్న ఒకటే అన్నడు. గీ అక్కకు ప్రాక్టికల్స్‌ల నూటికి నూరు వచ్చినయంటే ల్యాబ్ మంచిగుంటదని నేనే ఈడికి వస్తనన్న."

అప్పటిదాకా ఆ ఎర్ర గుండ్రం నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. అది ఈ పిల్లను పిలిచి తెచ్చింది, నా ముఖం పెట్టుకుని. ఈమె ఒరిజినల్స్ కూడా బీరువాలోకి పోయాయి. ఎదురుగా ఉన్న ఆఫీసు తలుపును కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు. దానికంటే పనికొచ్చేదేదో చేయాలని ఆ నిమిషమే అనుకున్నాను.

సాయంత్రానికి కరస్పాండెంట్ సార్ పిలిచాడు. మనిషి మారిపోయాడు. ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది, అది వచ్చాక కోపం పోయింది.

"ఆలోచించిన. నీకు యూనివర్సిటీల సీటొచ్చిందంటే అది మన కాలేజీ గొప్పనే గదా? 'మా విద్యార్థినికి యూనివర్సిటీలో సీటు' అని పెద్ద ఫ్లెక్సీ ఏద్దాం. ఒక మంచి ఫోటో దిగి పో. టీసీ, ఒరిజినల్స్ రేపే తీస్కపో."

"ఫోటో దిగుత సార్. ల్యాబ్‌ల దిగుత."

"ఏ ల్యాబ్?"

"మూడో అంతస్తుల ఉన్నది గదా సార్. బ్యూరెట్ పట్టుకుని దిగుత. ఉత్తగ పట్టుకునుడు కాదు, చేస్తుంటే తీయాలె. ఫస్టియర్ పిల్లలు గూడ చుట్టు ఉండాలె. ఫ్లెక్సీకి నిండుగ ఉంటది."

ఫ్లెక్సీకి నిండుగా ఉంటుందన్న మాట ఆయనకు నచ్చింది. నేను ఏం అడుగుతున్నానో ఆయనకు అర్థం కాలేదో, అర్థమైనా టాపర్ ఆ బెంచీ మీది నుంచి లేస్తే చాలనుకున్నాడో చెప్పలేను.

మరునాడు పొద్దున తాళంచెవి దొరకలేదు. గుత్తిలోని చెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశారు. చివరికి అటెండరు సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాడు. ఆ చప్పుడుకు ఫస్టియర్ క్లాసు క్లాసంతా వరండాలోకి వచ్చింది. సిద్దిపేట పిల్ల అందరికంటే ముందుంది.

లోపల బ్యూరెట్లు థర్మోకోల్ పెట్టెల్లో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉన్నాయి. యాసిడ్ సీసాల మూతల సీలు కూడా చెక్కు చెదరలేదు. మిగతా గదంతా చుట్టలు చుట్టిన పాత ఫ్లెక్సీలు. ఒకటి విప్పి చూస్తే నాలుగేళ్ల కిందటి టాపర్. అదే కోటు, అదే పెన్ను. అది చూసి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ అమ్మాయి ఎక్కడుందో, బ్యూరెట్ ఎప్పుడైనా పట్టుకుందో అనిపించింది.

కెమిస్ట్రీ సార్ హెల్మెట్‌తో సహా వచ్చాడు. యాసిడ్‌నూ సోడానూ వేరువేరుగా నీళ్లలో కలపాలి, తగినంత పలచన చేయాలి. ఎవరు చేస్తారంటే ఆయన ఒక్క నిమిషం తటపటాయించి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. వాటర్ క్యాన్ తెప్పించాడు. ఆయన చేతులు చకచకా నడుస్తుంటే నేనెప్పుడూ చూడని మనిషిని చూసినట్టుంది. రంగు మారడం చూపించే మందు సీసా మాత్రం అడుగుదాకా ఎండిపోయి ఉంది.

"ఇగ గాదమ్మా, ఇండికేటర్ లేదు" అన్నాడు సార్. కరస్పాండెంట్ వాచీ చూసుకున్నాడు. ఫోటో తీయడానికి వచ్చిన ఫ్లెక్సీ షాపతను, "ఉత్తగనే పట్టుకో మేడం, ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

ఎవరికి తెలుస్తుంది! ఆ కాలేజీ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. నేను కిందికి పరుగెత్తి టిఫిన్ సెంటర్లో గుప్పెడు పసుపు అడిగి తెచ్చాను. ఆఫీసు బల్ల మీద కరోనా నాటి శానిటైజర్ స్ప్రే ఇంకా సగం ఉంది. అందులో పసుపు కలిపి, జేబురుమాలుతో ఒక గ్లాసులోకి వడగట్టాను. సార్ నా చేతిలోని గ్లాసు చూసి మొదటిసారి నవ్వాడు. "అయితది" అన్నాడు.

గొట్టం నింపాను. ఈసారి కుళాయి కట్టేశాకే. ఎడమ చెయ్యి వెనక నుంచి, కుడి చెయ్యి ఫ్లాస్కు మీద. పసుపుపచ్చగా తిరుగుతున్న నీళ్లలో చుక్క పడ్డచోటల్లా ఎరుపు పుట్టి పోతోంది. ఎరుపు వచ్చింది, నిలబడింది. పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. పదమూడు పాయింట్ నాలుగు.

"అక్కా, నేను జేస్త, నేను జేస్త" అని సిద్దిపేట పిల్ల ముందుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టి కుళాయి మీద పెట్టాను. ఆమె తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఫోటో అతను "మేడం, నవ్వాలె, ఇటు చూడాలె" అని మొత్తుకుంటున్నాడు.

"టీసీ చేతికొచ్చినంక నవ్వుత" అన్నాను.

కరస్పాండెంట్ నా వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. క్లర్కును పంపి కవరు తెప్పించి బల్ల మీద పడేశాడు. తెరిచి అన్నీ చూసుకున్నాక నవ్వాను. నిజంగానే నవ్వాను, అంత సంతోషం అంతకుముందు ఎరగను. ఆ రోజే వెళ్లి యూనివర్సిటీలో చేరాను.

ఫ్లెక్సీ వారం తిరక్కుండానే వచ్చింది. అమ్మ మళ్లీ నారాయణగూడ మార్కెట్‌కు పోయి చూసొచ్చి, "నవ్వు మంచిగ పడ్డది, గొట్టం లేదు" అంది. బ్యూరెట్ లేదు, పిల్లలు లేరు, పసుపు లేదు. తల కత్తిరించి మళ్లీ ఆ కోటు మీదే పెట్టారు. అమ్మ ముందు విరగబడి నవ్వాను గానీ, లోపల ఎక్కడో చివుక్కుమంది. అంతా వృథా అయిందనే అనుకున్నాను.

మామ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాలుగోవారం కిటికీ పక్క కుర్చీని, నా పేరు చెప్పుకుని వచ్చిన సిద్దిపేట పిల్లకు ఇచ్చేశాడు. ఆ పిల్ల నాకంటే బుద్ధిమంతురాలని అమ్మతో చెప్పించాడు. చూద్దామని ఒక ఆదివారం అశోక్‌నగర్ పోయాను. స్టడీ హాల్ కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. ఆమె సంచీలోంచి రికార్డు తీసి టీ బండి అంచు మీద తెరిచింది.

ఆ ప్రయోగం దగ్గర నీలి ఇంకుతో పదమూడు పాయింట్ మూడు అని ఉంది. ఇండికేటర్ అన్నచోట "పసుపు" అని ఉంది. రెండింటినీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, అంకె పక్కన తొమ్మిది పాయింట్ ఎనిమిది అని సార్ రాసిచ్చాడు. ఆ ఎరుపు కింద మళ్లీ నీలి ఇంకుతో, ముందుకంటే పెద్ద అక్షరాల్లో, పదమూడు పాయింట్ మూడు.

"మళ్ల రాసినవా?"

"రాసిన. వచ్చిందే రాసిన సార్ అన్న."

"ఏమన్నడు?"

"మళ్ల కొట్టేద్దామని పెన్ను పెట్టిండక్కా. జరసేపు గట్లనే చూసిండు. ఇగ సంతకం పెట్టిండు."

సంతకం ఉంది, తేదీతో సహా. టీ గ్లాసు కింద పెట్టి ఆ పేజీ మీద చెయ్యి వేసి ఉంచాను. ఆ రోజు కుళాయి తిప్పిన మిగతావాళ్లు కూడా తమకు వచ్చిందే రాశారట. ఒకరికి పదమూడు పాయింట్ ఒకటి, ఒకరికి పదమూడు పాయింట్ ఆరు. తొందరపడ్డ ఒకమ్మాయికి ఏకంగా పదహారు.

"తొమ్మిది పాయింట్ ఎనిమిది ఎవరికన్న వచ్చిందా?" అని అడిగాను.

"ఒక్కరికి గూడ రాలే అక్కా" అంది ఆ పిల్ల, టీ ఊదుకుంటూ.